పసితనపు గాయములు – కౌమారపు మనస్సు

(వైతికుప్పమున జరిగిన మన సంఘ కుటుంబ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సమావేశమున కొన్ని నిమిషములు ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరినపుడు, సాహిత్య విషయము నేదైన నెన్నుకొందునని వారు తలంచి యుందురు. నేను కళాశాలలో చదివినది చరిత్ర, తెలుగు సాహిత్యము. వైద్యుడను గాను, మనస్తత్వ శాస్త్రజ్ఞుడను గాను. ఇరువది యేండ్లుగా సచివాలయమున ఫైళ్ళు చూచుచున్న ఉద్యోగిని. అయినను బాల్యమున హింసకును, ఉపేక్షకును గురియైన బిడ్డల మనస్సు కౌమార దశలో నేమగునను విషయమును నేడు మీ ముందుంచ దలచితిని. అందులకు కారణము నా యింటిలోనే కలదు. దానిని కొంతసేపటికి మనవి చేయుదును.

ముందుగా మన మిప్పుడు కూర్చున్న చోటును గురించి ఒక మాట. ఈ వైతికుప్పపు తీరమున ఒకప్పుడు పడవలు లాగుకొనుటకును, వలలు ఆరవేసికొనుటకును చాలినంత ఇసుక యుండెడిదని ఇచ్చటి వృద్ధులైన బెస్తవారు చెప్పుదురు. 1980లలో పట్టణమునకు దక్షిణమున రేవు నిర్మించుచు సముద్రములోనికి రాతిగట్లు కట్టిరి. ఈ తీరమున ఇసుక సంవత్సరములో ఎక్కువ కాలము దక్షిణమునుండి ఉత్తరమునకు సాగును. గట్లు దానిని అడ్డగించెను. నష్టము గట్టు కట్టిన చోట కనబడలేదు. కొన్నేండ్లకు, ఉత్తరమున కనబడెను. తీరము కోసికొనిపోగా, కెరటముల నాపుటకు పోసిన రాళ్ళే నేడు చాలచోట్ల మిగిలినవి.

బాల్యమున జరిగిన దానికిని, కౌమారమున బయటపడు దానికిని గల సంబంధము ఇట్టిదే. పదునాలుగేండ్ల పిల్లవాడు తలుపు విసరికొట్టినచో, ఆ కోపము నిన్నటిదో నేటిదో యని మనము తలంతుము. సెల్‌ఫోనును నిందింతుము, స్నేహితులను నిందింతుము. ఇసుక ఆగిన చోటు వేరొకటి యని తోచదు.

హింస యనగానే మనకు కఱ్ఱయు, బెల్టును మాత్రమే గుర్తువచ్చును. శాస్త్రజ్ఞులు దానిని నాలుగు విధములుగా చెప్పుదురు. శరీరమును కొట్టుట యొకటి. నిత్యము తిట్టుట, పోల్చి చులకన చేయుట, బెదరించుట రెండవది. లైంగిక హింస మూడవది. నాలుగవది ఉపేక్ష. మొదటి మూడింటిని చేయువాడు ఒకడుండును. ఉపేక్షలో ఎవరును ఏమియు చేయరు. చేయవలసినది చేయకుండుటయే అందలి దోషము. అందుచే అది మన వంటి చదువుకొన్న కుటుంబములలో సులభముగా దాగుకొనును. అన్నము పెట్టి, ఫీజు కట్టి, జ్వరము వచ్చినపుడు మందిప్పించి, “నీకు భయముగా ఉన్నదా?” యని ఒక్కనాడైనను అడుగకపోవుటయు ఉపేక్షయే.

ఇది ఎచ్చటనో జరుగు విషయమని ఎవరును తలంపరాదు. భారత ప్రభుత్వపు స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో ఒక నివేదిక ప్రకటించెను. 13 రాష్ట్రములలో 12,447 మంది బాలబాలికలతో మాట్లాడి వ్రాసిన నివేదిక యది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు, ప్రతి ఇద్దరిలో ఒకరు మానసిక హింసకు గురియైరని అందు తేలెను. నూటికి 53 మంది ఏదో యొక రూపమున లైంగిక హింస నెదుర్కొనిరి. ఇంటిలో దెబ్బలు తిన్నవారిలో నూటికి 88 మందికి పైగా తల్లిదండ్రుల చేతనే తినిరి. అన్ని విధముల హింసయు అధికముగా కనబడిన నాలుగు రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. నన్ను మిక్కిలి కలచివేసిన సంగతి మరియొకటి: ఆ బిడ్డలలో అత్యధికులు తమకు జరిగినది ఎవరికిని చెప్పలేదు.

ఏల చెప్పలేదు? ఈ ప్రశ్నకు సమాధానము మన సాహిత్యములోనే దొరకును. గురజాడవారి ‘కన్యాశుల్కము’ను మన సంఘములవారు ఎన్నిమారులు ప్రదర్శింపలేదు! 1892లో తొలిసారి ప్రదర్శింపబడిన ఆ నాటకమున, ముసలివానికి అమ్మబడనున్న పసిపిల్ల సుబ్బిని చూచి మనము జాలిపడుదుము. కాని ఆమె యన్న వెంకటేశమును చూచి నవ్వుదుము. ఆ బాలుడు పరీక్ష తప్పినాడు. ఇంటికి పోయి తండ్రియైన అగ్నిహోత్రావధానులకు ఆ మాట చెప్పుటకు వణకుచున్నాడు. ఆ భయమును కనిపెట్టినవాడు గిరీశము. వాడే పిల్లవానితో మాట్లాడును, వాడే ధైర్యము చెప్పును, వాడే వెంట వచ్చి ఆ యింటిలో ప్రవేశించును. ఇంటిలో చెప్పుకొనుటకు చోటులేని బిడ్డ, విను చెవి ఎవరిదైనను అటే పోవును. ఆ చెవి గిరీశముది కావచ్చును. నేటి కాలమున సెల్‌ఫోనులో పరిచయమైన అపరిచితునిది కావచ్చును. నలుబది యేండ్ల వయస్సు వచ్చువరకు నేనును ఆ దృశ్యమునకు నవ్వినవాడనే.

వైద్యలోకమును ఈ విషయమున ఆలస్యముగానే మేల్కొనెను. తల్లి యొడి దూరమైన బిడ్డల మనోవ్యథను గురించి జాన్ బౌల్బీ అను ఆంగ్ల వైద్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరికపై 1951లో ఒక గ్రంథము వ్రాసెను. ఇంటిలోని పెద్దల చేతనే ఎముకలు విరిగి ఆసుపత్రికి వచ్చు పసిపిల్లలను గురించి అమెరికా వైద్యుడు హెన్రీ కెంప్, ఆయన సహచరులు 1962లో ఒక వ్యాసము ప్రకటించిరి. అంతవరకు ఎందరో వైద్యులు అట్టి గాయములను చూచియు, తల్లిదండ్రులు కారణమై యుందురని నమ్మలేకపోయిరి. 1998లో ఫెలిట్టి, అండా అను వైద్యులు 9,500 మందికి పైగా పెద్దలను వారి బాల్యమును గురించి ప్రశ్నించి, ఫలితములను ప్రకటించిరి. నాలుగు గాని, అంతకు మించి గాని విధముల కష్టములు పసితనమున పడినవారికి, అట్టివేవియు లేనివారితో పోల్చినచో, మద్యవ్యసనము, మాదకద్రవ్యములు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నము అను వాని అపాయము నాలుగు మొదలు పన్నెండు రెట్ల వరకు అధికమని తేలెను. అపాయము అధికమనగా అట్లే జరిగితీరునని కాదు. ఇది జాతకము కాదు, హెచ్చరిక మాత్రమే.

దీనికి శరీరములో ఆధారము కలదు. భయము కలిగినపుడు మన దేహము కార్టిసాల్ మొదలగు హార్మోనులను విడుదల చేయును. గుండె వేగముగా కొట్టుకొనును, కండరములు బిగియును, పరుగెత్తుటకో, ఎదిరించుటకో దేహము సిద్ధమగును. అపాయము తొలగగానే శాంతించును. ఇది ప్రాణరక్షణకై ప్రకృతి చేసిన ఏర్పాటు. కాని భయపెట్టువాడు బిడ్డ యున్న చోటనే ఉన్నచో, ఆ దేహమునకు శాంతించు సమయము దొరకదు. మెదడు ఇంకను పెరుగుచున్న వయస్సది. నిత్యము కాపలా కాయుటయే దానికి అలవాటగును. ఎవరైన చేయెత్తినచో, తల గోకికొనుటకే యైనను, ఉలికిపడును. పాఠముపై మనస్సు నిలువదు, నిద్ర పట్టదు.

కౌమారము వచ్చుసరికి దేహములో మార్పులు త్వరితముగా వచ్చును, ఆవేశములు బలపడును. ఆవేశమును అదుపులో నుంచు మెదడు ముందుభాగము మాత్రము ఇరువది యేండ్లు దాటువరకు పరిపక్వము కాదు. కావున అంతవరకు అణగియున్నది ఆ వయస్సున పైకి వచ్చును. ఒకనికి అది కోపముగా వచ్చును. ఒకనికి మౌనముగా వచ్చును. ఒక బాలిక అన్నము మానివేయును. ఒక బాలుడు మత్తుపదార్థముల వైపు పోవును. మరియొకరు తమ చేతిని తామే గాయపరచుకొందురు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16లో నిర్వహించిన జాతీయ మానసికారోగ్య సర్వేలో, 13 మొదలు 17 ఏండ్ల వయస్సువారిలో నూటికి 7 మందికి పైగా మానసిక రుగ్మతతో నున్నారని తేలెను. వీరందరును హింసకు గురియైనవారని నేననను. కాని మనము సోమరితనమనియు, పొగరనియు పిలుచుచున్న వానిలో కొన్ని గాయములు కలవని మాత్రము చెప్పగలను.

ఇక నా సంగతి. మాది యానాం. ఈ పుదుచ్చేరికి నన్ను బదిలీ చేసినపుడు మా పెద్ద కుమారునకు తొమ్మిదేండ్లు. అరవదేశమున వాని తెలుగు చదువు చెడునని తలంచి, వానిని ఆంధ్రదేశమున ఒక ఆశ్రమ పాఠశాలలో చేర్చితిని. మంచి ఫలితములు వచ్చు పాఠశాల యని పేరు. “పసివాడండీ, మనతోనే ఉంచుకుందాం” అని నా భార్య అన్నది. నేను వినలేదు. ఆదివారము నాడు పది నిమిషములు ఫోనులో మాట్లాడుట కనుమతి. ఫోను వార్డెను గదిలో నుండెడిది. పిల్లవాడు అన్నిటికిని “ఊఁ” అనువాడు.

రెండవ యేడు సంక్రాంతి సెలవులకు వచ్చి, తిరుగు ప్రయాణపు ముందు రాత్రి నా ప్రక్కన కూర్చుండి, “నాన్నా, అక్కడ రాత్రుళ్ళు వరసగా నిలబెట్టి బెల్టుతో కొడుతున్నారు. నాకు వెళ్ళాలని లేదు” అన్నాడు. నేనేమంటినో నాకు అక్షరము పొల్లుపోకుండ జ్ఞాపకమున్నది. “మేము తినలేదా దెబ్బలు? తిన్నాం కాబట్టే ఉద్యోగాల్లో ఉన్నాం. సర్దుకుపో” అంటిని. మొక్కై వంగనిది మానై వంగునా యని సామెతయు చెప్పితిని. వాడు మరల ఆ మాట ఎత్తలేదు. చెప్పలేదు గావున సర్దుకొన్నాడని భావించితిని. మన కచేరీ భాషలో చెప్పవలెనన్న, ఫైలు ముగిసినదని సంతకము చేసితిని. లోపలి కాగితము చదువనే లేదు.

పదునాలుగవ యేట వానిని ఇంటికి తీసికొని వచ్చితిమి. అప్పటికి వైతికుప్పమున అద్దె యింట నుంటిమి. దీపమార్పినచో వాడు నిద్రించువాడు కాడు. పిలిచినచో ఉలికిపడువాడు, తమ్ముని మీద చేయిచేసికొనువాడు. మార్కులు పడిపోయినవి. నేను సోమరి యంటిని, సెల్‌ఫోను లాగుకొంటిని. సాయంకాలమైనచో వాడు ఈ రాళ్ళ మీదికి వచ్చి కూర్చుండువాడు.

మా వీధికి చేపలు తెచ్చి అమ్ము ముసలమ్మ యొకతె యున్నది. ఆమె ఒకనాడు గంప దించి అరవములో నన్ను అడిగినది: “అయ్యా, మీ పిల్లాడు రోజూ చీకటి పడేదాకా రాళ్ళమీద ఒక్కడే కూచుంటాడు. నేనే పిలిచి టీ ఇస్తున్నాను. వాడితో మాట్లాడేవాళ్ళు మీ ఇంట్లో ఎవరూ లేరా?” ఆమె నిష్ఠూరముగా నడుగలేదు, నిజముగా తెలియక అడిగినది. ఇరువది యేండ్లలో పై అధికారు లెవరు వ్రాసిన మెమోయు నన్నంతగా తల వంపలేదు.

ఆ సాయంకాలము నేనును పోయి వాని ప్రక్కన కూర్చుంటిని. ఏమి మాట్లాడవలెనో తెలియలేదు. వాడును మాట్లాడలేదు. మరునాడును అంతే. ఎనిమిదవ దినమో, తొమ్మిదవ దినమో, “అక్కడ ఏం జరిగిందిరా?” అని అడిగితిని. వాడు సముద్రమువైపే చూచుచు, “అప్పుడే చెప్పాను కదా, నాన్నా” అన్నాడు.

సభాసదులారా, బెల్టు దెబ్బలు ఆ పాఠశాలలో ఎవరో కొట్టినవి. ఈ దెబ్బ నేను కొట్టినది. అది నా ప్రక్కన, మా ఇంటి అరుగు మీద, సంక్రాంతి నాడు తగిలినది. నన్ను క్షమింపుమని వానిని అడిగితిని. మన యిండ్లలో తండ్రి బిడ్డను క్షమాపణ అడుగు ఆచారము లేదు. నాకును నోరు తిరుగలేదు. ఎట్లో అడిగితిని. వాడు ఏడ్చెను, నేనును ఏడ్చితిని.

పిమ్మట ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుని చూచితిమి. “పిచ్చి ఆసుపత్రికి తీసుకెళ్తున్నారా?” అని బంధువులు అడిగిరి. కాలు విరిగిన ఎముకల వైద్యుని యొద్దకు పోవుదుము; ఇదియు అట్టిదే యంటిని. చికిత్స నెలల తరబడి సాగెను. పాఠశాలపై ఫిర్యాదు చేసితిని. అది నడచిన తీరు వేరొక ప్రసంగము. నా కుమారుడు ఇంటికి వచ్చెను గాని, ఆ రాత్రి వరుసలో నిలుచున్న తక్కిన బిడ్డలను నేను మూడేండ్లు ఆలస్యముగా తలచుకొంటినను మాట మాత్రము దాచను. ఇప్పుడు వాడు చదువుకొనుచున్నాడు. తమ్మునితో చదరంగ మాడుచున్నాడు. రాత్రి చిన్న దీపము వెలుగవలసినదే. ఈ ప్రసంగమునకు వాని అనుమతి అడుగగా, “చెప్పు నాన్నా, నా మార్కులు మాత్రం చెప్పకు” అన్నాడు.

వైద్యులు చెప్పగా, చదివి తెలిసికొనగా, నాకు ధైర్యము కలిగించిన విషయములు రెండు కలవు. హవాయి దీవులలోని కవాయి అను దీవిలో 1955లో పుట్టిన 698 మంది శిశువులను ఎమ్మీ వెర్నరు అను శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు దశాబ్దముల తరబడి గమనించిరి. పేదరికము, కలహములు, తల్లిదండ్రుల వ్యసనములు, రోగములు కలిసివచ్చిన కష్టమైన యిండ్లలో పెరిగిన పిల్లలలో మూడవవంతు మంది సమర్థులై, దయగల పెద్దలై పెరిగిరి. అట్టివారి బాల్యమున అవ్వయో, పిన్నియో, ఉపాధ్యాయుడో, పొరుగువారో, తమను పట్టించుకొన్న మనిషి ఒక్కరైనను ఉండిరి. మా వానికి ఆ చేపల అమ్మ యుండెను. రెండవది రుమేనియాలోనిది. అనాథాశ్రమములలో పలుకరించువారు లేక పెరుగుచున్న 136 మంది పసిపిల్లలపై బుఖారెస్ట్ నగరమున 2000లో ఒక పరిశోధన ఆరంభమాయెను. వారిలో సగము మందిని పెంపుడు కుటుంబములలో ఉంచిరి. కుటుంబములలో పెరిగిన బిడ్డలు బాగుగా కోలుకొనిరి. రెండేండ్ల లోపల చేరినవారు మరింత మేలుగా కోలుకొనిరి. బిడ్డ కోలుకొనగలడు, ఎంత త్వరగా అందుకొన్న అంత మేలు. ఇదియే ఆ రెండింటి సారము.

ఉద్యోగులము గావున చట్టమును గూడ మనము తెలిసికొని యుండవలెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగము పాఠశాలలో బిడ్డను కొట్టుటను, మానసికముగా వేధించుటను నిషేధించినది. 2015 నాటి బాలల న్యాయ చట్టము 75వ విభాగము ననుసరించి, బిడ్డల సంరక్షణ అప్పగింపబడిన సంస్థలోని ఉద్యోగి క్రూరముగా ప్రవర్తించినచో 5 సంవత్సరముల వరకు కఠిన కారాగారమును, 5 లక్షల రూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చును. లైంగిక హింస విషయమున 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, తెలిసినవారు ఎవరైనను పోలీసులకు తెలుపవలెను. తెలిసియు దాచుట నేరము. కుటుంబ గౌరవమను మాటకు అందు చోటులేదు. ఆపదలోనున్న బిడ్డల కొరకు 1098 అను ఫోను సంఖ్య కలదు. మనోవ్యథకు సలహా కొరకు 2022 అక్టోబరులో ఆరంభమైన టెలిమానస్ వారి 14416 సంఖ్యకు తెలుగులోనే మాట్లాడవచ్చును. ఈ రెండు సంఖ్యలను గ్యాసు పుస్తకము ప్రక్కన వ్రాసి యుంచుకొనుడు.

చట్టమునకు ముందు ఇంటిలో చేయదగినవి కొన్ని కలవు. బిడ్డ ఏదైన చెప్పినపుడు తీర్పు చెప్పుటకు తొందరపడక, మొదట నమ్ముడు. విచారణ తరువాత చేయవచ్చును. హాస్టలులో నున్న బిడ్డతో ఎవరును ప్రక్కన లేని సమయమున మాట్లాడుటకు వీలు కల్పించుడు. అందుకు పాఠశాలవా రంగీకరింపనిచో, ఆ పాఠశాలను గురించి మరల ఆలోచింపుడు. నెలకొకసారి హఠాత్తుగా పోయి చూడుడు. మార్కుల పత్రము చూచుటకు ముందు ముఖము చూడుడు. నిద్ర, ఆకలి, స్నేహములు ఆకస్మికముగా మారినచో దానిని పొగరనుకొనక వైద్యునితో మాట్లాడుడు. “బ్రతుకవలెనని లేదు” అను మాట బిడ్డ నోట వచ్చినచో, హాస్యముగా తీసికొనక ఆ దినమే కదలుడు. మీరు కొట్టియున్నచో, తిట్టియున్నచో, వినకపోయియున్నచో, తప్పైనదని చెప్పుడు. అందుచే తండ్రి గౌరవము తగ్గదు; నేను పరీక్షించి చెప్పుచున్నాను.

ఏటేట మాసి మఖము నాడు ఎందరో దేవతామూర్తులు తీర్థవారికి ఈ వైతికుప్పపు తీరమునకే వేంచేయుదురు. ఆ జనసమ్మర్దమున పిల్లవాడు తప్పిపోయినచో మైకులో ప్రకటింతురు, చొక్కా రంగు చెప్పుదురు, ఎరుగనివారును వెదకుదురు. ఇంటిలోనే, మన యెదుటనే తప్పిపోయిన బిడ్డ కొరకు ఏ మైకును మ్రోగదు. వెదకవలసినవారము మనమే.

నేటి రాత్రి ఇంటికి పోయిన పిమ్మట, మీ బిడ్డ ప్రక్కన కొంతసేపు ఊరక కూర్చుండుడు. మొదటి దినము ఏమియు చెప్పకపోవచ్చును. మరునాడును కూర్చుండుడు.